హెచ్చరిక ఒడ్డునే ఆగిపోతోంది

ఏటా అక్టోబరు వచ్చేసరికి బంగాళాఖాతంలో అల్పపీడనాల వార్తలు మొదలవుతాయి. అల్పపీడనం వాయుగుండమవుతుంది. కళింగపట్నం నుంచి కృష్ణపట్నం వరకు రేవుల్లో ప్రమాద సూచికలు ఎగురుతాయి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదన్న మాట టీవీ తెర అడుగున పరుగులు తీస్తుంది. ఒకటి రెండు రోజులకు ఏదో ఒక ఊరి నుంచి బోటు జాడ తెలియడం లేదన్న కబురు వస్తుంది. దాని వెంటే పాత ప్రశ్న: ఇంత ముందుగా చెప్పినా వీళ్లు సముద్రంలోకి ఎందుకు వెళ్లినట్టు? ఇలా అడిగేవారు కొన్ని విషయాలు జరిగిపోయాయనే అనుకుంటారు. హెచ్చరిక పడవకు అందింది, అందినది ఆ పడవకు పనికొచ్చేలా ఉంది, దాన్ని పాటించినా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వీటిలో ఏదీ నేటికీ పూర్తిగా నిజం కాదు. మన తుపాను హెచ్చరిక వ్యవస్థ నేల మీద ఉన్నవారి కోసం ఎదిగింది. నీటి మీద ఉన్నవారి కోసం దాన్ని ఇంకా కట్టాల్సే ఉంది.

నేల మీద సాధించినది చిన్నదేమీ కాదు. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. అంతకు నెల ముందే కలకత్తాను మరో తుపాను తుడిచిపెట్టింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడానికి ఆ రెండు విపత్తులు తెచ్చిన ఒత్తిడి ఒక కారణం. నూరేళ్లు దాటాక, 1977 నవంబరు 19న దివిసీమలో మళ్లీ పది వేల ప్రాణాల దాకా పోయాయి. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లోనూ దాదాపు అంతే. అదే ఒడిశాలో 2013 నాటి ఫైలిన్‌కు పది లక్షల మందిని ముందే తరలించగలిగారు, మృతులు యాభై లోపే. 2019 మే నెలలో ఫణి పూరీ దగ్గర తీరం దాటినప్పుడు తరలించినవారు సుమారు 12 లక్షలు, మృతులు వంద లోపు. ఉపగ్రహాలు, డాప్లర్ రాడార్లు, కంప్యూటర్ నమూనాలు మెరుగయ్యాక, 24 గంటల ముందు చెప్పే తుపాను మార్గంలో సగటు తేడా 80 కిలోమీటర్ల లోపునకు దిగింది. ఈ విజయాన్ని కొలిచే కొలమానాలన్నీ ఒడ్డువే: ఎక్కడ తీరం దాటింది, ఎంతమందిని తరలించారు, ఎన్ని ఇళ్లు కూలాయి. తీరానికి 150 కిలోమీటర్ల దూరాన వల వేసిన సరంగుకు తీరం దాటే చోటుతో పనిలేదు. తానున్న చోట ఆరు గంటల తరవాత గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది, ఎంత వేగంతో వీస్తుంది, అల ఎటు నుంచి లేస్తుంది అన్నవే అతనికి కావాలి.

ఉష్ణమండల సముద్రాల మీద గాలులు మామూలుగా నిలకడైనవి. పసిఫిక్, అట్లాంటిక్ మహాసముద్రాల్లో భూమధ్యరేఖకు ఇరువైపుల నుంచీ ఈశాన్య, ఆగ్నేయ వ్యాపార పవనాలు ఏడాది పొడవునా వీస్తాయి. అవి కలుసుకునే మేఘాల పట్టీ రుతువును బట్టి కొంత ఉత్తరానికి, కొంత దక్షిణానికి జరుగుతుంది. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగానికి ఆ నిలకడ లేదు. పైన ఆసియా ఖండం ఉండటంతో వేసవిలో వేడెక్కిన నేల సముద్రపు గాలిని లాక్కుంటుంది, చలికాలంలో చల్లబడ్డ నేల మీది గాలి సముద్రం వైపు మళ్లుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, ఆపైన ఈశాన్యం. నైరుతి కాలంలో కెన్యా, సోమాలియా తీరాల వెంబడి సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున భూమధ్యరేఖను దాటి దూసుకొచ్చే గాలి ప్రవాహం అరేబియా సముద్రాన్ని అల్లకల్లోలం చేస్తుంది. 1960ల చివర దాన్ని వివరించిన ఫిండ్లేటర్ పేరే ఆ ప్రవాహానికి స్థిరపడింది. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు అమలయ్యే వేట నిషేధం చేపల సంతతి కోసమే పెట్టినా, ఆ గాలి దెబ్బ నుంచి పడవలనూ కాపాడుతోంది. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. మే నెల తుపానుల వేళ పడవలు ఒడ్డునే ఉండటానికి అది ఉపకరిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అలాంటి రక్షణ ఏదీ లేదు. వేట ముమ్మరంగా సాగే కాలమూ అదే, బంగాళాఖాతం ప్రాణాల మీదికి తెచ్చే కాలమూ అదే.

నడి వానకాలంలో లేని తుపానులు అప్పుడే ఎందుకు వస్తాయి? జులై, ఆగస్టుల్లో కింది గాలి పడమర నుంచి, పై గాలి తూర్పు నుంచి బలంగా వీస్తుంటాయి. ఆ ఎదురుబొదురు లాగులాటలో మేఘాల సుడి నిటారుగా నిలబడలేదు. వాయుగుండం వరకు వచ్చి ఒడిశా, బెంగాల్ మీదుగా నేలకెక్కుతుంది. గాలులు మలుపు తిరిగే ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలల్లో ఆ తేడా తగ్గుతుంది, నీరు వేడిగానే ఉంటుంది. తుపాను పుట్టడానికి సముద్రపు పైనీరు 26.5 డిగ్రీలు ఉంటే చాలంటారు. బంగాళాఖాతంలో అది తరచూ 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరు తేలికగా ఉండి పైన మూతలా పరుచుకుంటుంది. అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చి కలవదు. అందువల్ల తుపాను తన కింది నీటిని తానే చల్లార్చుకోవడం ఇక్కడ తక్కువ. ఒక వాయుగుండం రోజు తిరిగేలోపు తీవ్ర తుపాను కావడానికి అవకాశం ఎక్కువ. మార్గం అంచనా ఎంతగా మెరుగైనా, ఈ హఠాత్ బలోపేతాన్ని ముందే పట్టడం ప్రపంచంలో ఏ వాతావరణ సంస్థకూ ఇంకా సులువుగా లేదు.

పడవ వైపు నుంచి చూస్తే తుపాను మరోలా కనిపిస్తుంది. మన అర్ధగోళంలో సుడి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఆగ్నేయం నుంచి వాయవ్యంగా వచ్చి కోస్తాను తాకే తుపానుకు కుడి పక్కన, అంటే ఉత్తరాన, గాలి సముద్రం నుంచి ఒడ్డుకు తోస్తుంది. ఉప్పెన అక్కడే. జనం తరలింపూ అక్కడే ఎక్కువ. ఎడమ పక్కన, దక్షిణాన, గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డున ఉన్నవారికి ఆ పక్క క్షేమకరమైనది. ఇంజిన్ ఆగిన పడవకు అది ఇంకా లోపలికి తోసేసే గాలి. సుడి దాటుతున్నకొద్దీ గాలి దిక్కు మారుతుంది, పాత గాలి లేపిన కెరటాలు ఒకవైపు నుంచి, కొత్త గాలి లేపినవి అడ్డంగా మరోవైపు నుంచి వస్తాయి. చిన్న పడవలను బోల్తా కొట్టించేది చాలాసార్లు ఆ అడ్డకెరటమే. గాలి వేగం గంటకు 63 కిలోమీటర్లు చేరితేనే మన శాఖ దాన్ని తుపాను అంటుంది. ఫైబర్ బోటు తిరగబడటానికి అంత అక్కర్లేదు. గాలి నెట్టే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 40 కిలోమీటర్ల గాలి 60 అయితే పడవ మీద పడే తోపుడు రెండింతలు దాటుతుంది. వాయుగుండమే కదా అనుకున్న రోజున పోయిన ప్రాణాలకు తుపాను పేరు ఉండదు. మన విపత్తుల జాబితాల్లో వాటికి చోటు దొరకడం కష్టం.

2017 నవంబరు నాటి ఓఖీ తుపాను ఈ లోపాలన్నిటినీ ఒకేసారి బయటపెట్టింది. నవంబరు 29న శ్రీలంకకు ఆగ్నేయాన వాయుగుండంగా ఉన్నది, 30వ తేదీ ఉదయానికి కన్యాకుమారికి చేరువలో తుపానుగా మారింది. తుపాను అన్న మాట అధికారికంగా వెలువడే సరికి ఆ మధ్యాహ్నమైంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుందని ముందు రోజే చెప్పామని వాతావరణ శాఖ, తుపాను అని చెప్పలేదని కేరళ ప్రభుత్వం వాదించుకున్నాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, ఏదీ పడవకు ఉపయోగపడలేదు. కన్యాకుమారి జిల్లా తూత్తూరు వంటి ఊళ్ల పడవలు అంతకు రోజుల ముందే లోతు సముద్రానికి వెళ్లిపోయాయి. నిండుగా సరుకుతో ఉన్న మర పడవ గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లకు మించి నడవదు. 150 కిలోమీటర్ల దూరం నుంచి, వల ఎత్తుకుని బయలుదేరి, తిరిగి రావడానికి సగం రోజు పడుతుంది. ఆ రోజు వాళ్లకు అంత సమయమూ లేదు, కబురు అందే మార్గమూ లేదు. తమిళనాడు, కేరళల్లో కలిపి చనిపోయినవారు, జాడ తెలియనివారు మూడు వందలు దాటారు. దాదాపు అందరూ సముద్రంలో ఉన్నవారే. కొట్టుకుపోయిన పడవలు లక్షద్వీప్, మహారాష్ట్ర, గుజరాత్ తీరాల్లో తేలాయి. తెలుగువారికి ఇది కొత్త అనుభవం కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కూడా చిన్న సుడే, వేగంగా బలపడినదే. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైన సంగతి అందరికీ గుర్తుంది. ఆ రాత్రి వేటలో ఉండి తిరిగి రాని వందలాది మందిని ఆ ఊళ్ల వారు తప్ప ఎవరూ తలచుకోరు.

ఓఖీ తరవాత తిరువనంతపురంలో తుపాను హెచ్చరిక కేంద్రం పెట్టారు. హెచ్చరికల పదజాలం మెరుగైంది, ఐదు రోజుల ముందే పటాలు వస్తున్నాయి. అయినా వాతావరణ శాస్త్రవేత్తలకు, మత్స్యకార సంఘాలకు మధ్య వాదం అలాగే ఉంది. మేం చెప్పినది వినరు అన్నది ఒకరి బాధ. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మొత్తం మూసేస్తే ఏం వినాలి అన్నది రెండోవారి బాధ. నాకు రెండోవారి వాదంలో బలం ఎక్కువ కనిపిస్తుంది. ఆంధ్ర తీరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవు. శ్రీకాకుళం దగ్గర సముద్రం ఉడుకుతున్న రోజున నెల్లూరు దగ్గర తేటగా ఉండవచ్చు. తెప్పకు ప్రమాదమైన గాలి పెద్ద ట్రాలరుకు మామూలు గాలి కావచ్చు. అందరికీ ఒకే మాట చెప్పి, పది హెచ్చరికల్లో చాలా వాటికి తన ఊళ్లో గాలి రాకపోతే, పదకొండోదాన్ని ఎవరు నమ్ముతారు? జాగ్రత్త కోసం ఎక్కువగా చెప్పడమే మేలన్న అధికారుల ఆలోచన అర్థం చేసుకోదగినదే. హెచ్చరిక ఇవ్వకపోతే విచారణ ఉంటుంది, అనవసరంగా ఇస్తే ఉండదు. అయితే అనవసర హెచ్చరిక ఖర్చు ఎక్కడో ఒక ఇంటి మీద పడుతూనే ఉంటుంది.

హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అని పిలిచేది, 1999 నుంచి ఈ దేశానికి సముద్రపు సమాచారం ఇస్తోంది. 2020లో అది చిన్న పడవల కోసం ప్రత్యేక సూచన పద్ధతి తెచ్చింది. ఏడు మీటర్ల వెడల్పు లోపు పడవలకు కెరటం ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత త్వరగా లేస్తోంది అన్నవి కలిపి ప్రమాద సూచీ లెక్కిస్తారు. అడ్డకెరటాన్ని లెక్కలోకి తీసుకున్న ఈ పద్ధతి సరంగులు తమ అనుభవంతో చూసే చూపుకు చాలా దగ్గరిది. దాన్ని వాడుక భాషలో, ప్రతి రేవుకూ, పడవ పరిమాణాన్ని బట్టి విడగొట్టి ఇవ్వడమే తరవాతి అడుగు కావాలి. దానితోపాటు ఏటా ఏ రేవుకు ఎన్ని హెచ్చరికలు ఇచ్చారు, వాటిలో ఎన్నిటికి నిజంగా ఆ గాలి వచ్చింది అన్న లెక్కను బయటపెట్టాలి. తుపాను మార్గంలో తేడా ఎంతో వాతావరణ శాఖ నిజాయతీగా ప్రచురిస్తోంది. అదే నిజాయతీ మత్స్యకార హెచ్చరికలకూ కావాలి. వేట కాలం గురించి మరో మాట. విశాఖ హార్బర్ నుంచి లోతు సముద్రానికి వెళ్లే బోట్లు రెండు వారాల వరకు తిరిగి రావు. ఐదు రోజుల సూచన వాటి ప్రయాణంలో సగం కూడా కప్పదు. ముప్పై నుంచి అరవై రోజులకోసారి భూమధ్యరేఖ వెంబడి తూర్పుగా కదిలే మేఘాల గుంపును, 1971లో గుర్తించిన ఇద్దరి పేరుతో మాడెన్-జూలియన్ డోలనం అంటారు. అది మన సముద్రం మీదికి వచ్చినప్పుడు సుళ్లు పుట్టే అవకాశం పెరుగుతుంది. దీని ఆధారంగా వాతావరణ శాఖ ప్రతి గురువారం రెండు వారాల ముందుచూపు ఇస్తోంది. మంచు, డీజిలు ఎక్కించుకునే ముందు సరంగు చూడవలసిన కాగితం అదే. అది ఆంగ్లంలో శాస్త్రవేత్తల కోసం రాసినది.

విదేశాల వైపు చూస్తే ఎవరి పద్ధతీ సంపూర్ణం కాదని ముందే ఒప్పుకోవాలి. అమెరికాలో నావికులకు ఒక తేలిక నియమం నేర్పుతారు. గంటకు 63 కిలోమీటర్ల గాలి ఎంత దూరం వరకు ఉంటుందని చెప్పారో, దానికి ఒక రోజు ముందు సూచన అయితే 100, రెండు రోజులైతే 200, మూడు రోజులైతే 300 నాటికల్ మైళ్లు కలుపుకుని ఆ మేర తప్పుకోవాలి. అంచనాలోని అనిశ్చితిని దాచకుండా నావికుడి చేతిలోనే పెట్టే ఈ పద్ధతి మనకూ పనికొస్తుంది. అదే అమెరికాకు చెందిన ఎల్ ఫారో అనే సరుకు ఓడ 2015 అక్టోబరు 1న బహామాస్ దగ్గర హ్వాకీన్ తుపానులో 33 మందితో మునిగింది. ఓడలో వాతావరణ సమాచారం ఉంది, కానీ కెప్టెన్ ఆధారపడినది గంటల తరబడి పాతబడినదని దర్యాప్తులో తేలింది. అంత పెద్ద ఓడకే తాజా సమాచారం అందకపోతే అంత నష్టం. ఫిలిప్పీన్స్‌లో బలమైన గాలుల హెచ్చరిక వెలువడగానే తీర రక్షక దళం చిన్న పడవలను కదలనివ్వదు. రేవులో ఉన్న పడవకు ఈ కట్టడి మంచిదే, అప్పటికే బయట ఉన్న పడవకు ఏమీ చేయదు. 1970 భోలా తుపానులో మూడు లక్షలకు పైగా ప్రాణాలు కోల్పోయిన బంగ్లాదేశ్, ఆ తరవాత కట్టిన వాలంటీర్ల వ్యవస్థతో మరణాలను వేల నుంచి పదుల్లోకి దించిన తీరు ప్రపంచానికే పాఠం. ఆ వాలంటీరు సైకిలు మీద మెగాఫోనుతో తిరిగేది ఊళ్లోనే. సముద్రంలో ఉన్నవారి విషయంలో బంగ్లాదేశ్‌దీ మన కథే. జపాన్ దారి వేరు. అక్కడ మత్స్యకార సహకార సంఘాలే తీరం వెంబడి రేడియో కేంద్రాలు నడుపుతాయి. మాట్లాడేది తమవాళ్లే, అడిగినా జవాబు వస్తుంది. ఆస్ట్రేలియాలో తీరానికి రెండు నాటికల్ మైళ్లు దాటితే ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పరికరం పడవలో ఉండి తీరాలి.

మనకు పరికరాల కొరత ఉందని అనలేం. సెల్ సిగ్నలు తీరం నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటితే ఉండదు. ఆ లోటు తీర్చడానికి 2019లో జెమిని అనే పరికరం వచ్చింది. గగన్ ఉపగ్రహం నుంచి సందేశం తీసుకుని బ్లూటూత్ ద్వారా ఫోనుకు ఇస్తుంది. సందేశం వస్తుంది, తిరిగి పంపడం కుదరదు. 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం అంతకంటే ముందడుగు: సుమారు 360 కోట్ల రూపాయలతో 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు, రెండు వైపులా సందేశాలు. ఇక్కడే ఒక భయం ఎదురవుతుంది. పడవ ఎక్కడుందో ప్రతి క్షణం తెలిస్తే, నిషేధ ప్రాంతంలో వేసిన వలకు జరిమానా పడుతుందని, పక్కవాడికి తన చేపల తావు తెలుస్తుందని సరంగులు అనుకుంటారు. భద్రతా సంస్థలకు అదే కావాలి. ఈ రెండు అవసరాలనూ ఒకే పెట్టెలో కలపడం వల్ల ఆ పెట్టెను ఆపేసే వారు ఉంటారు. ప్రాణరక్షణ కోసం తీసుకున్న స్థాన సమాచారాన్ని జరిమానాలకు వాడబోమని రాతపూర్వకమైన హామీ ఇవ్వకపోతే, లక్ష పరికరాలు బిగించినా ఎన్ని మోగుతాయో చెప్పలేం.

ఇక డబ్బు సంగతి. పడవ వేటకు వెళ్లినా వెళ్లకపోయినా అప్పు ఆగదు. వచ్చిన చేపల్లో డీజిలు, మంచు, వల ఖర్చులు పోగా మిగిలినది యజమాని, సరంగు, కలాసీలు వాటాలుగా పంచుకుంటారు. పోయిన ప్రయాణానికి కూలి లేదు. వేట నిషేధపు 61 రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. అది మంచి నిర్ణయం. అక్టోబరు, డిసెంబరు మధ్య హెచ్చరికలతో పోయే రోజులకు మాత్రం ఏ లెక్కా లేదు. ప్రభుత్వమే వెళ్లవద్దన్నప్పుడు ఆ రోజు కూలి ప్రభుత్వం ఇవ్వాలా? ఖజానా భారం, దుర్వినియోగం అన్న అభ్యంతరాలు ఉన్నాయి. కేరళ ఒకసారి హెచ్చరికల వల్ల పనిదినాలు పోయిన మత్స్యకార కుటుంబాలకు మూడేసి వేల రూపాయలు ఇచ్చింది, అది అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయంగానే మిగిలింది. కరీబియన్ దేశాలు 2019లో దీన్ని బీమాగా మార్చాయి. గ్రెనడా, సెయింట్ లూసియాల్లో కెరటాల ఎత్తు, వాన ముందుగా అనుకున్న స్థాయి దాటితే మత్స్యకారులకు సాయం చేరుతుంది. నష్టం నిరూపించే కాగితాలు అడగరు. సూచీ దాటినా తన రేవులో నష్టం లేకపోవడం, నష్టం ఉన్నా సూచీ దాటకపోవడం ఇలాంటి బీమాకు ఉన్న బలహీనత. ఇన్‌కాయిస్ చిన్న పడవల సూచీ రేవువారీగా ఉంటే ఆ బలహీనత చాలావరకు తగ్గుతుంది. పైగా అనవసర హెచ్చరికకు కూడా డబ్బు చెల్లించవలసి వస్తే, హెచ్చరికలను సూటిగా ఇవ్వాలన్న ఒత్తిడి దానంతటదే పుడుతుంది. ఖజానాకు భారమన్న వాదన కంటే నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది.

రేవువారీ సూచన ఇవ్వాలంటే సముద్రం మీది గాలిని కొలవాలి. అక్కడ మన చూపు మసకగానే ఉంది. ఓషన్‌శాట్ వరసలో మూడోది 2022 నవంబరులో కక్ష్యలోకి చేరింది. అలల గరుకుదనం నుంచి గాలి వేగాన్ని, దిక్కును పసిగట్టే ఈ ఉపగ్రహాలు ప్రపంచానికి మనం ఇస్తున్న గొప్ప సేవ. అయితే అవి ఒక చోటును రోజుకు ఒకటి రెండుసార్లే చూస్తాయి. కుండపోత వానలో లెక్క తప్పుతుంది. నేల ప్రభావం వల్ల ఒడ్డుకు పాతిక కిలోమీటర్ల లోపు గాలిని సరిగా చెప్పలేవు. చిన్న పడవలు తిరిగేది సరిగ్గా ఆ పాతిక కిలోమీటర్లలోనే. అందుకే నీటిలో లంగరు వేసిన బోయలు కావాలి. పసిఫిక్‌లో ఎల్ నినో కోసం కట్టిన బోయల వరసను, నౌక ఖర్చు తగ్గించుకుందామని అమెరికా 2012 నుంచి సరిగా చూసుకోలేదు. 2014 నాటికి అందే సమాచారం 40 శాతానికి పడిపోయింది. పరికరం కొనడం ఒకనాటి ఖర్చు, దాన్ని బతికించడం ఏటేటా ఖర్చు అన్న సంగతి అక్కడ రుజువైంది. మన హిందూ మహాసముద్రపు బోయల వరసకు పశ్చిమాన సోమాలియా సముద్ర దొంగలు అడ్డయ్యారు, మిగతా చోట్ల వలలు తగులుకుని, బోయ నీడలో చేరే చేపల కోసం పడవలను వాటికి కట్టేయడం వల్ల బోయలు పాడవుతున్నాయి. న్యూజీలాండ్ దీనికి చక్కటి జవాబు కనిపెట్టింది. వేట పడవల వలలకే ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరాలు కట్టి, ఆ కొలతలను సూచన నమూనాల్లోకి తీసుకుంటోంది. మన లక్ష ట్రాన్స్‌పాండర్లలో పదో వంతుకైనా గాలి ఒత్తిడి కొలిచే పరికరం జోడిస్తే, బంగాళాఖాతం మీద అంతటి పరిశీలన వ్యవస్థ ఇంకెవరికీ ఉండదు. హెచ్చరిక అందుకునేవాడే దాని తయారీలోనూ భాగమైతే నమ్మకం పెరుగుతుంది. కృత్రిమ మేధ నమూనాలు వచ్చేశాయి, ఇక పరిశీలనలు ఎందుకు అనేవారూ ఉన్నారు. ఆ నమూనాలు నేర్చుకున్నది దశాబ్దాల పరిశీలనల నుంచే. 2024లో కేంద్రపు వాతావరణ పథకం మిషన్ మౌసమ్‌కు మంజూరైన 2 వేల కోట్ల రూపాయల్లో నేల మీది రాడార్లతో సమానంగా తీరజలాల బోయలకూ వాటా దక్కాలి.

చివరగా, మన పరిధిని ఒక్క బంగాళాఖాతానికే కుదించుకోలేం. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 1982-2000 కాలంతో పోలిస్తే 2001-2019 మధ్య అరేబియా సముద్రంలో తుపానులు 52 శాతం పెరిగాయి, బంగాళాఖాతంలో 8 శాతం తగ్గాయి. 2021 మేలో తౌక్టే తుపాను ముంబయి దగ్గరి చమురు క్షేత్రంలో పి-305 అనే బార్జిని ముంచినప్పుడు 70 మందికి పైగా చనిపోయారు. తుపాను వస్తోందని రోజుల ముందే తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువకులు వందలాదిగా గుజరాత్‌లోని వెరావల్ బోట్లపై కలాసీలుగా పనిచేస్తున్నారు. 2018లో పాకిస్థాన్ పట్టుకుని 2020 జనవరిలో విడిచిపెట్టిన మత్స్యకారులు కూడా ఈ జిల్లాల వారే. ఈ కలాసీల పడవకు చేరే హెచ్చరిక గుజరాతీలో ఉంటుంది, వాళ్ల పేర్లు ఏ రాష్ట్రపు జాబితాలోనూ నిండుగా ఉండవు, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిదన్న ప్రశ్న రెండు ప్రభుత్వాల మధ్య తిరుగుతుంది. ట్రాన్స్‌పాండరు సందేశాన్ని పడవ నమోదైన రాష్ట్రపు భాషలోనే కాక, అందులోని కలాసీల భాషలోనూ పంపడం సాంకేతికంగా కష్టం కాదు. పడవ బయలుదేరేటప్పుడు అందులో ఎవరెవరు ఎక్కారో, వాళ్లది ఏ ఊరో నమోదు చేసే బాధ్యతను రేవు అధికారికి అప్పగించి, ఆ జాబితాను రెండు రాష్ట్రాల మత్స్యశాఖలూ చూడగలిగేలా ఒప్పందం కుదుర్చుకుంటే, వచ్చే అక్టోబరుకల్లా అమలు చేయదగిన పని ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుజరాత్‌తో మొదలుపెట్టి కర్ణాటక, కేరళలతోనూ దీన్ని మాట్లాడాలి.